పరాయి భాష యెవరిది?

2026 ఫిబ్రవరి 8వ తేదీని అమెరికా సంయుక్త రాష్ట్రములలో, కాలిఫోర్నియా యందలి సాంటా క్లారా పట్టణమున, సూపర్ బౌల్ అని ఆ దేశీయులు గొప్పగా చెప్పుకొను బంతియాట విరామ కాలమున ఒక యువకుడు పాటలు పాడెను. పాడిన భాష స్పానిషు. ఇతనిని ఎన్నుకొన్నారని 2025 సెప్టెంబరులో ప్రకటన వెలువడినది మొదలు ఆ దేశమున ఒక వర్గమువారు గగ్గోలు పెట్టుచునే యుండిరి. ఇతడు అమెరికనుడు కాడనిరి. ఇంగ్లీషున పాడనివానికి ఈ వేదిక యేలయనిరి. అధ్యక్షుడు ట్రంపు ఆ గాయకుని పేరే తాను వినలేదని పలికి, ఆ యెన్నిక పరిహాసాస్పదమని తీర్పు చెప్పెను. వలసవారిని పట్టుకొను శాఖవారు తమ మనుష్యులు ఆ మైదానమునకు వత్తురని పత్రికలవారితో చెప్పిరి. ఎవనినిమిత్తము ఈ బెదరింపు? ఆ యువకుడు పుట్టుకచేతనే అమెరికా పౌరుడు! తన రాజ్యమునకు చెందిన ద్వీపమేదో, అందలి జనులెవరో ఎఱుగని రాజభక్తిని ఏమని పిలువవలయునో మాకు తెలియకున్నది.

బ్యాడ్ బన్నీ యను పేర ప్రపంచమెల్ల వినుచున్న ఆ గాయకుని దేశము ప్యూర్టో రికో. అతడు పాడు పాటను రెగేటోన్ అందురు. ఎక్కడి ప్యూర్టో రికో, ఎక్కడి మనము, చిందుపాటల వాని కథకు సంపాదకీయమున చోటేల యని మా పాఠకులలో పెద్దలు కొందఱు అడుగవచ్చును. పాట పాడినందుకు కవి చెఱసాలకు పోయిన దేశము మనది. జెండా పట్టినందుకు లాఠీదెబ్బలు తిన్నవారి మనుమలు మన పఠన మందిరములలో నేటికిని కూర్చుండి పత్రికలు చదువుచున్నారు. వారికి ఈ సంబంధమును మేము వేఱుగా విప్పి చెప్పనక్కఱలేదు.

ఈ గాయకుని అభ్యుదయమును గూర్చి వార్తాపత్రికలు ఒక ముచ్చటైన కథను అల్లినవి. కథలోని సంగతులు నిజమే. బెనీటో అంటోనియో మార్టినెజ్ ఒకాసియో 1994లో జన్మించెను. సాన్ హువాన్ నగరమునకు పడమటనున్న వేగా బాహా అతని ఊరు. తండ్రి లారీ నడుపువాడు, తల్లి పంతులమ్మ. బాల్యమున చర్చిలో కీర్తనలు పాడెను. చిన్నతనమున కుందేలు వేషము తగిలించి తీసిన ఛాయాపటములో మొగము ముడుచుకొని యున్నందున పిమ్మట ఆ వింతపేరు పెట్టుకొనెను. అరెసీబోలోని విశ్వవిద్యాలయ శాఖలో చదువుకొనుచు, ఊరి అంగడిలో కొన్నవారి సరుకులను సంచులలో సర్దిపెట్టు కొలువు చేసెను. తీరిక వేళల పాటలు కట్టి సౌండ్‌క్లౌడ్‌లో ఉంచెను. 2016లో అందొక పాట వ్యాపారుల చెవిని బడెను. 2018లో ఇద్దఱు గాయకులతో కలిసి పాడిన పాట అమెరికా పట్టికలో ప్రథమ స్థానమున నిలిచెను. 2020 నవంబరున విడుదలయైన పాటల సంపుటము, పూర్తిగా స్పానిషులో ఉండియు బిల్‌బోర్డ్ సంపుటముల పట్టికలో మొదటి స్థానము నందుకొనెను. అట్టిది అదే మొదటిది. స్పాటిఫైవారి లెక్కలలో 2020, 2021, 2022 సంవత్సరములందును, మరల 2025లోను, ప్రపంచమున అందఱికంటె ఎక్కువ వినబడిన గాయకుడితడే. 2026 ఫిబ్రవరి 1వ తేదీని సంవత్సరపు ఉత్తమ సంపుటమునకిచ్చు గ్రామీ బహుమానము ఇతని 'దెబీ తిరార్ మాస్ ఫోటోస్'కు వచ్చెను. స్పానిషు సంపుటమునకు ఆ గౌరవము కలుగుట అదియే ప్రథమము.

సంచులు సర్దిన కుఱ్ఱవాడు సింహాసనమెక్కెను, చూడుడు మా స్వేచ్ఛాదేశపు మహిమ, అని అమెరికా పత్రికలు చంకలు కొట్టుకొనుచున్నవి. మా తగవు ఇచ్చటనే. ఈ కథ చెప్పువారు ఒక ప్రశ్నను దాటవేయుచున్నారు. ఇతడు ఎక్కిన నిచ్చెనను ఎవరు కట్టిరి? ఎవరు విఱుగగొట్టజూచిరి?

రెగేటోన్ పుట్టుక చూడుడు. పనామా కాలువ త్రవ్వుటకు పడమటి దీవులనుండి కూలికి తీసికొనిపోబడిన నల్లవారి సంతతి, జమైకా బాణీలను స్పానిషు పలుకులలో పాడిరి. జమైకాలో 1990 ప్రాంతమున పుట్టిన 'డెంబో' యను దరువు ఓడరేవులు దాటి న్యూయార్కునకును సాన్ హువానునకును వచ్చెను. ప్యూర్టో రికోలో ప్రభుత్వము కట్టిన పేదల గృహసముదాయములలో, దొరల సంగీతసభలకు దూరముగా, చౌకరకపు క్యాసెట్లపై ఈ పాట పెరిగెను. ఆ వాడలను సర్కారు ఏ దృష్టితో చూచెనో చెప్పుటకు ఒక్క సంగతి చాలును. 1993లో గవర్నరు పేద్రో రొసేయో, నేరములకు ఉక్కు హస్తమను పేర, నేషనల్ గార్డు దళములను ఆ గృహసముదాయములలో దింపెను. 1995లో సాన్ హువానులోని పాటల దుకాణములపై పోలీసులు పడి, అశ్లీలమని వందలకొలది క్యాసెట్లను ఎత్తుకొనిపోయిరి. 2002లో శాసనసభ ఎగువ సభవారు ఈ పాటల నాట్యమును గూర్చి విచారణలు సలిపిరి. అటుపిమ్మట, 2004లో, డాడీ యాంకీ 'గసొలీనా' పాట సముద్రములు దాటిపోయెను. వోటు కావలసినప్పుడు రాజకీయులే ఎన్నికల సభలలో ఆ దరువునకు కాలు కదపిరి! నిషేధించు చేయియు, తాళము వేయు చేయియు ఒకటేయైన ప్రభుత్వములను మనమును ఎఱుగుదుము.

ఈ పేద్రో రొసేయో మఱియొక పని చేసెను. 1991లో ప్యూర్టో రికో శాసనసభ స్పానిషు ఒక్కటియే రాజభాషయని శాసనము చేసియుండెను. ఆ ధైర్యమును మెచ్చి స్పెయిన్ దేశము ఆ ద్వీపజనులకు తమ సాహిత్య పురస్కారము నిచ్చెను. 1993లో గద్దె నెక్కగానే ఈ గవర్నరు ఇంగ్లీషునకు మరల సమానస్థానము కట్టబెట్టెను. వాడల పాటపై పోలీసులు, రాజభాషగా పరుల పలుకు! ఈ రెండును ఒకే యేలుబడిలో జరిగినవని మఱువరాదు. అతని కుమారుని సంగతి ముందు చెప్పెదము.

న్యాయవాద వృత్తిలో నున్నవారము గనుక ఒక వ్యాజ్యమును ఇచ్చట ప్రస్తావింపక ఉండలేము. 1898లో స్పెయినుతో యుద్ధము చేసి అమెరికా ఈ ద్వీపమును పుచ్చుకొనెను. ఇచ్చిన వారును పుచ్చుకొన్నవారును ద్వీపజనుల నడిగిన పాపమున పోలేదు. మూడేండ్లకు సాన్ హువానునుండి న్యూయార్కునకు వచ్చిన నారింజపండ్లపై సుంకము వేయవచ్చునా యని ఒక వర్తకుడు వాదము తెచ్చెను. ద్వీపము అమెరికాలోనిదైనచో సుంకము కూడదు, పరదేశమైనచో చెల్లును. 1901లో సుప్రీము కోర్టు ఏమి తేల్చెను? ద్వీపము అమెరికాకు చెందినదే కాని అమెరికాలోనిది కాదనెను! అంతర్జాతీయముగా పరాయిది కాదు, గృహములోని లెక్కకు పరాయిదే యని ఒక న్యాయమూర్తి మీమాంస చేసెను. ఇల్లాలు కాదు, పరస్త్రీ కాదు, చాకిరికి మాత్రము ఇంటిమనిషి యన్న తీర్పునకును దీనికిని భేదమేమి? ఆ నారింజపండ్ల తీర్పును ఆ కోర్టు నేటివఱకును కొట్టివేయలేదు. 1917లో ద్వీపజనులకు అమెరికా పౌరసత్వమిచ్చిరి. అధ్యక్షుని ఎన్నుకొను వోటు మాత్రము ద్వీపమున నివసించువారికి ఇయ్యలేదు. కాంగ్రెసులో వారికొక ప్రతినిధి కలడు. తుది నిర్ణయమున అతనికిని వోటు లేదు. 1948లో ఏబదిమూడవ సంఖ్యగల శాసనమొకటి వచ్చెను. జనులు దానికి నోటిచిక్కమని పేరు పెట్టిరి. స్వాతంత్ర్యమును గూర్చి వ్రాయుట, పలుకుట, జెండా యెత్తుట సైతము నేరమయ్యెను. శిక్ష పదేండ్ల వఱకు. 1957 వఱకు ఆ చిక్కము ఊడలేదు. బడులలో ఇంగ్లీషుననే బోధింపవలెనన్న పట్టుదల యర్ధశతాబ్దము సాగి, పిల్లలు తల్లిభాష మఱువకుండుటచేత చివఱకు 1949లో విఫలమై ముగిసెను.

ఇంగ్లీషున పాడని గాయకుడని నేడు వేయు నిందకు వెనుక ఇంత చరిత్ర కలదు. ఒక సామ్రాజ్యము బడిలో, కోర్టులో, పోలీసు ఠాణాలో ఏబది సంవత్సరములు చేయజూచి చేయలేని పనిని, కీర్తికాంక్ష యను ఎర చూపి ఒక్క గాయకునిచేత చేయింపజూచిరి. ఇతనికి ముందు ఆ ద్వీపమునుండి అమెరికాకు పోయి పేరు తెచ్చుకొన్న గాయకులు కొందఱు ఇంగ్లీషు సంపుటములు వెలువరించి పెద్ద వేదికలెక్కిరి. ఇతడట్టి దాటుడు దాటలేదు. 2023 గ్రామీ సభలో ఇతడు పాడుచుండగా దృశ్యమునకు దిగువ వ్రాత వేయు యంత్రమో, యంత్రము వెనుకనున్న మనిషియో, పాటలోని మాటలకు మాఱుగా, ఇంగ్లీషు కాని భాషలో పాడుచున్నాడని మాత్రము వ్రాసెను. నలువది కోట్లమందికి పైగా మాట్లాడు భాషకు పేరైనను లేకపోయెను! కాని ఆ సంవత్సరముననే కోచెల్లా సంగీతోత్సవమున ప్రధాన గాయకుడై నిలిచినది ఇతడే.

స్పానిషును దొరలు తెచ్చిన భాషయే కదా, దానిపై ఇంత మమకారమేల యని ఒక తార్కికుడు మమ్ము నిలదీయవచ్చును. ప్రశ్న సరసమైనదే. 1493లో కొలంబసు ఓడలు వచ్చుటకు మునుపు ఆ ద్వీపమున టైనో జనుల పలుకు వినబడుచుండెను. ఆ పలుకును మింగినది స్పానిషే. ఆఫ్రికానుండి సంకెళ్లతో తెచ్చిన వారి భాషలను మింగినదియు అదియే. ఆ పాపమును కప్పిపుచ్చువారము మేము కాము. అయినను నాలుగువందల యేండ్లలో చెఱుకు తోటల కూలీలు, కొండలలోని కాఫీ రైతులు, రేవులలోని నల్లవారు ఆ భాషను విఱిచి, వంచి, పదముల చివరలు మింగి, తమ యేడుపునకును తమ హాస్యమునకును అనువుగా చేసికొనిరి. మాడ్రిడ్ పండితుడు వినిన ముక్కుమీద వ్రేలు వేసికొనును. బెనీటో పాడునది ఆ స్పానిషు. ఒకనిచేత బలవంతముగా తాగింపబడిన నీరు వాని రక్తమైన పిమ్మట, ఇది నీ రక్తము కాదు, ఇప్పుడు నేను తెచ్చిన నీరు త్రాగుమని రెండవ దొర చెప్పుట న్యాయమగునా?

ఇక పెద్దమనుష్యుల ఆక్షేపణ. ఈ పాటలు బూతులట, ఆడువారిని కించపఱచునవట, ఇట్టివాడు జాతికి వాణి యెట్లగునట. ఇందు సత్యము లేకపోలేదు. ఇతని పాటలలో స్త్రీని భోగ్యవస్తువుగా చూచునవి చాలకలవు. వానిని మేము మెచ్చము, మెచ్చినట్లు నటింపము. 2020లో, ఒంటరిగా నాట్యమాడు స్త్రీని ముట్టకుడను అర్థము వచ్చునట్లు పాట కట్టి, తానే స్త్రీవేషమున దానిని అభినయించెననియు చెప్పవలయును. ఒక పాట పది పాటల దోషమును కడుగజాలదనియు చెప్పవలయును. కాని ఆక్షేపించువారి చిత్తశుద్ధిని కూడ కొంచెము పరీక్షింపవలదా? క్షేత్రయ్య పదమును దేవదాసి నోట విన్నప్పుడు తప్పు, అదే పదమును పట్టణపు సభలో టిక్కెట్టు కొని విన్నప్పుడు కళ, అని సిద్ధాంతము చేసిన వర్గమును మనము కన్నులార చూచినవారమే. ప్యూర్టో రికోలోను అంతే. క్యాసెట్లను పట్టుకొన్న నాడు అశ్లీలము పేరు చెప్పిరి. పట్టుబడినవి మాత్రము పేదవాడల, నల్లవాడల క్యాసెట్లు.

2017 సెప్టెంబరు 20వ తేదీని మరియా యను తుపాను ఆ ద్వీపమును తుడిచిపెట్టెను. మాసములతరబడి దీపములు వెలుగలేదు. ప్రభుత్వము మృతులు 64 మంది యని చెప్పుచు వచ్చెను. దాదాపు ఏడాదికి, 2018 ఆగస్టులో, 2,975 మంది యని ఒప్పుకొనెను. అరువదినాలుగునకును ముప్పదివందలకును మధ్యనున్న మనుష్యులు ఎవరి లెక్కలో కలిసిపోయిరి? ఆ యేట సెప్టెంబరున అమెరికా టెలివిజనులో మొదటిసారి పాడ వచ్చిన ఈ గాయకుడు, పాటకు ముందు ఆ మృతుల సంఖ్య చెప్పి, అధ్యక్షుడు దానిని ఒప్పుకొనుట లేదని నిలదీసెను. ముప్పదియేండ్లు నిండని కుఱ్ఱవానికి తొలి యవకాశమది. మెప్పుకొఱకు పల్లెత్తు మాట యనక పాడి పోవచ్చును గదా.

2019 జూలైలో గవర్నరును అతని యనుచరులును తమలో తాము నడుపుకొన్న సందేశములు, 889 పుటలు, బయటపడినవి. అందు స్త్రీలపై రోతమాటలు, తుపానులో చచ్చినవారిపై పరిహాసములు. ఆ గవర్నరు పేరు రికార్డో రొసేయో. పేద్రో రొసేయో కుమారుడు. బెనీటో యూరపులో చేయుచున్న కచేరీలు మానుకొని వచ్చి, రెసిదెంతె, ఇలే యను గాయనీగాయకులతో కలిసి కత్తులు నూఱు పాటను కట్టి వీథిలోనికి వచ్చెను. లక్షలమంది రాజమార్గము నాక్రమించిరి. జూలై 24వ తేదీని, గవర్నరు మందిరమునకు దాపుననున్న ప్రాచీన దేవాలయపు మెట్లపై యువజనులు రెగేటోన్ దరువునకు నాట్యమాడి నిరసన తెలిపిరి. ఆ రాత్రియే గవర్నరు రాజీనామా ప్రకటించెను. తండ్రి యేలుబడిలో పోలీసులు మూటగట్టి తీసికొనిపోయిన పాట, ఇరువదినాలుగేండ్లకు కొడుకు వాకిట నిలిచి ఆడినది. ఇంతకంటె చక్కని కక్షిదారుడు మాకు వృత్తిలో దొరకలేదు!

తుపాను తరువాతి దుర్దశ నేటికిని తీఱలేదు. 2012లో చేసిన యొక శాసనము, బయటనుండి వచ్చి స్థిరపడు ధనికులకు మూలధన లాభములపై పన్ను లేదనెను. ద్వీపమున పుట్టి పెరిగి అక్కడనే యున్నవానికి ఆ రాయితీ వర్తింపదు. సముద్రపుటొడ్డున ఇండ్ల ధరలు ఏమగునో వేఱుగ చెప్పవలెనా? 2016లో అప్పులు తీర్చు నెపమున అధ్యక్షుడు నియమించు ఏడ్గురి మండలిని ద్వీపప్రభుత్వపు నెత్తిన కూర్చుండబెట్టిరి. 2021 జూన్ నుండి విద్యుత్పంపిణీని లూమా యను ప్రైవేటు సంస్థ చేతికిచ్చిరి. 2024 డిసెంబరు 31న ఒకమారు, 2025 ఏప్రిల్ 16న ఒకమారు దాదాపు ద్వీపమంతయు చీకటియయ్యెను. 2010 జనాభా లెక్కలలో 37 లక్షలకు పైగా ఉన్నవారు 2020 నాటికి 33 లక్షలకు లోపునకు దిగిరి. ఇండ్లు ఖాళీ, బడులు మూత, బిడ్డలు ఫ్లారిడాలో. 2022లో బెనీటో ఈ కరెంటు కోతలపై కట్టిన పాటకు తీసిన చిత్రము మధ్యలో పాట ఆగిపోయి, ఇండ్లనుండి తఱుమబడువారిని ఒక పాత్రికేయురాలు అడిగి తెలిసికొనిన వృత్తాంతము సాగును. చిందుపాట వినవచ్చినవాడు భూమి తగాదా వినిపోవును.

2025 జనవరిలో వచ్చిన సంపుటమును గూర్చి కొంత చెప్పవలయును. ఫోటోలు ఇంకను తీసికొనియుండవలసినదని దాని పేరునకర్థము. ద్వీపపు పాత వాద్యములు, వీథి మద్దెలల ప్లేనా, కొండజాతి పాటలు, సంగీత పాఠశాల విద్యార్థుల వాయిద్యము అందు చేరినవి. పాటలతోపాటు తెరపై ప్యూర్టో రికో చరిత్ర పాఠములు నడచును. వానిని వ్రాసినవాడు హోరెల్ మెలెండెజ్-బదీయో యను చరిత్రాచార్యుడు. నోటిచిక్కపు శాసనము మాట లోకమున కోట్లమంది చదివినది ఏ పాఠ్యపుస్తకములోను కాదు, ఈ చిందుపాటల అడుగున. అంతరించిపోవుచున్న యొక కప్పజాతిని సైతము ఈ సంపుటపు ప్రచారచిత్రమున ఒక పాత్రను చేసిరి. మాకిది కొంచెము నవ్వు పుట్టించినమాట నిజమే. కాని కప్పకున్న చోటు మనిషికి లేని దీవిలో ఆ నవ్వు నిలువదు.

ఆ యేటి జూలై 11నుండి సెప్టెంబరు 14వఱకు సాన్ హువానులో ముప్పది రాత్రులు పాడెను. మొదటి తొమ్మిది రాత్రులు ద్వీపనివాసులకే. లోకమంతయు గాయకునికొఱకు తిరుగునట్లు గాక, లోకమే ద్వీపమునకు వచ్చునట్లు చేసెను. అమెరికా ప్రధాన భూభాగమున ఆ పర్యటనలో కచేరీలు పెట్టకపోవుటకు కారణములలో నొకటి, వినవచ్చినవారిని వలస శాఖవారు వెలుపల పట్టుకొందురను భయమని అతడే చెప్పెను. ఇతనిని తప్పుపట్టువారు ఇచ్చటనే మఱియొక బాణము వేయుదురు. సెప్టెంబరు 20న, తుపాను దినమున, చేసిన చివరి కచేరీని లోకమునకు చూపినది అమెజాను సంస్థ. సూపర్ బౌలు పెట్టునది కోటీశ్వరుల సంఘము. ఆ ధనస్వాముల పందిరి క్రింద పాడినవాడు వలసరాజ్యమును ఎదిరించునా? బాణము సూటియైనదే. ఇతడు సన్యాసి కాడు, సంపన్నుడు. పాట వ్యాపారమున లాభము పొందువారిలో ద్వీపముకంటె ద్వీపము వెలుపలివారే ఎక్కువ. పాటచేత రాజ్యములు రావనుటకును నిదర్శనము కలదు. 2024 ఎన్నికలలో ఇతడు స్వాతంత్ర్య పక్షపు హువాన్ దల్మావును బలపఱచి, పాలక పక్షమునకు ప్రతికూలముగా తన ధనముతో బాటల ప్రక్క ప్రకటనలు పెట్టించెను. దల్మావు రెండవ స్థానమున నిలిచెను. పాలక పక్షమే గెలిచెను. అయినను స్వాతంత్ర్యవాదికి ఆ ద్వీపమున రెండవ స్థానము వచ్చుట సామాన్యము కాదు.

ధనస్వాముల పందిరిలో అతడు పాడిన దేమి? చెఱుకు తోటను నిలిపెను. విద్యుత్ స్తంభములపై మనుష్యులను ఎక్కించి కరెంటు కోతల పాట పాడెను. హవాయి దీవులకు పట్టిన గతి తమకు పట్టకూడదను పాటను రికీ మార్టిన్ చేత స్పానిషులో పాడించెను. త్రిభుజము లేత నీలముగానున్న జెండాను, అనగా స్వాతంత్ర్యవాదులు పట్టుకొను రంగుగల జెండాను, చేత బట్టెను. 1948లో అట్టి జెండా యెత్తినవాడు ఠాణాలో నుండెడివాడు.

అర్థము కాలేదని గోల చేసినవారికి ఒక మనవి. 2025 అక్టోబరులోనే ఇతడు టెలివిజనులో, నేర్చుకొనుటకు మీకు నాలుగు మాసములు గడువున్నదని నవ్వుచు చెప్పియుండెను. ఇంగ్లీషు నేర్చుటకు ప్యూర్టో రికో పిల్లలకు ఏబదియేండ్లు గడువిచ్చి బెత్తము పట్టినవారు నాలుగు మాసములకే అలసిపోయిరి. సరే, పోనిండు. ఆనాడు మైదానమున పాడిన పౌరుడు వేగా బాహాలోని తన యింటికి తిరిగి పోయి అక్కడనే కాపురముండిన యెడల, తనను ఎఱుగనన్న ఆ అధ్యక్షుని ఎన్నికలో అతనికి వోటు లేదు. ఫ్లారిడాలో ఒక అద్దెగది పుచ్చుకొన్నచో కలదు. భాషను గూర్చి అంత కేకలు వేసినవారెవరును ఈ వోటును గూర్చి ఒక్కమాట యనగా మేము వినలేదు.